ముగ్గురా, నలుగురా?

"బ్రెడ్డు బండివాడే" అన్నాడు స్టూరె, యాలకుల బన్ను నములుతూ. "ఏ ఇంట్లోనైనా వాడికి తలుపు తీస్తారు."

"ప్రతి ఆదివారం వాడినే ఉరి తీస్తావు. నీకేమైనా పాచిపోయిన రొట్టె అమ్మాడా?" అంది గున్వోర్.

టీరా నవ్వింది. గున్వోర్ ఇంట్లో జరిగే ఈ స్టడీ సర్కిల్ కోసమే ఆమె వారమంతా ఎదురుచూస్తుంది. స్వీడన్‌లో ఉత్తరపు కొసన ఉన్న ఆ ఊళ్ళో చలికాలం గడవాలంటే ఏదో ఒక సర్కిల్ ఉండాలి. కొందరు అల్లికలు నేర్చుకుంటారు. కొందరు పక్షుల గురించి చదువుతారు. వీళ్ళు ముగ్గురూ మాత్రం దక్షిణాన ఓ కాలవ గట్టు ఊళ్ళో ముప్పై ఏళ్ళ కిందట జరిగిన హత్యల గురించి కొట్టుకుంటారు. హంతకుడు ఇప్పటికీ దొరకలేదు.

చనిపోయిన ముగ్గురూ ఒంటరి ఆడవాళ్ళు. ముగ్గురి ఇళ్ళలోనూ బల్ల మీద రెండేసి కాఫీ కప్పులు. బయటంతా బురదైనా, నేల మీద ఒక్క అడుగు మచ్చ లేదు. అంటే హంతకుడు మర్యాద తెలిసిన చుట్టంలా గుమ్మం దగ్గర బూట్లు విప్పి లోపలికొచ్చాడు.

గున్వోర్ లెక్కలో చంపింది ఒక ఆడమనిషి, ఇంటింటికీ తిరిగే నర్సు. టీరా లెక్కలో కరెంటు మీటరు చూసే మనిషి.

పేచీ వచ్చేది నాలుగో ఆమె దగ్గరే. ఆమె పేరు మార్గిట్. పెళ్ళయిన మనిషి. శవం దొరకలేదు, కాలవ గట్టు మీద కోటు ఒక్కటే దొరికింది. పోలీసులు ఆమెనీ ఆ హంతకుడి ఖాతాలోనే వేశారు.

"ఆవిణ్ణి మొగుడు ఎవర్టే చంపి, నేరం ఆ హంతకుడి మీదికి తోసేశాడు" అన్నాడు స్టూరె. "రెండుసార్లు చెయ్యి విరిగితే మెట్ల మీంచి పడిందని చెప్పాడుట. ఆ ఇంటికి మెట్లే లేవుట."

"ఎవర్ట్ ఆమెని చంపలేదు" అంది టీరా.

"అదిగో, వకీలమ్మ లేచింది."

"చంపలేదన్నాను. మంచివాడనలేదు. మనకి ముగ్గురు చాలు, ఆమెని వదిలెయ్యండి."

సర్కిల్‌లో చేరిన రోజే టీరా ఈ ఒక్క కోరికా కోరింది. ఎందుకని అడక్కుండా గున్వోర్ చేతిలో చెయ్యేసి మాటిచ్చింది. స్టూరె నోరు జారినప్పుడల్లా ఆమే కసిరేది.

ఇవాళ కసరలేదు.

టీరా దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. గున్వోర్ని అనుమానించడం ఆమెకి చేతకాదు. ఎవరూ లేకుండా ఈ ఊరొచ్చిన టీరాకి అక్కా చెల్లీ అన్నీ ఆమే. పోయిన శీతాకాలం జ్వరంతో ఒళ్ళు తెలియకుండా ఏదేదో పలవరిస్తూ పడి ఉంటే, పక్కన కూర్చుని ఒళ్ళు తుడిచి, చెంచాతో సూప్ తాగించింది కూడా ఆమే.

కాఫీ అయిపోతే టీరా వంటింట్లోకి వెళ్ళింది. అప్పుడే బెల్లు మోగింది.

"ఇవాళ మనింటికో అతిథి" అంటోంది గున్వోర్, అవతల.

ఓరగా ఉన్న తలుపు సందులోంచి టీరా చూసింది. ఓ ముసలాయన వంగి బూట్లు విప్పుకుంటున్నాడు. చేతిలో పసుపు ట్యూలిప్ పూలు. జుట్టంతా తెల్లబడింది గానీ, పత్రికల్లో ఏళ్ళ తరబడి వచ్చిన ముఖం అది. ఎవరైనా పోల్చుకుంటారు.

ఎవర్ట్.

గున్వోర్ ఉత్తరం రాసిందట. ఆయన రోజంతా రైల్లో కూర్చుని వచ్చాడట. ఇందాక ఆయన్ని హంతకుడన్న స్టూరె, లేచి తన మెత్తటి కుర్చీ ఆయనకిచ్చాడు. ఏటా భార్య పుట్టినరోజున కాలవలో పూలు వదులుతానని ఆయన చెబుతుంటే, జేబు రుమాలు వెతుక్కున్నాడు కూడా.

టీరా తలుపు సందు నుంచి వెనక్కి జరిగింది. ఆ మనిషి కూర్చున్న బల్ల దగ్గర తను ఇక కూర్చోవడం కుదరదు. ఈ ఊళ్ళో తనకున్నది ఆ బల్ల ఒక్కటే.

వంటింటికి పెరటి తలుపు ఉంది. కానీ బూట్లు ముందు గదిలో, ఆయన బూట్ల పక్కన ఉన్నాయి. బయట మోకాటి లోతు మంచు.

గున్వోర్ లోపలికొచ్చి తలుపు చేరవేసింది.

"మాటిచ్చావు" అంది టీరా.

"ఇచ్చాను. కానీ ఆయన్ని చూడవే. దిగులుతో చిక్కి సగమైపోయాడు."

"పంపించెయ్. లేదా నా బూట్లు తెచ్చివ్వు. నాకు తలనొప్పని చెప్పు."

"నువ్వు లేకపోతే ఎలా?" గున్వోర్ ముఖం వెలిగిపోతోంది. "పోలీసులు తేల్చలేనిది నేను తేల్చానే. స్టూరెకి కూడా ఇంకా చెప్పలేదు. ముందు తెలియాల్సింది ఎవర్ట్‌కి కదా."

టీరా ఆమె చొక్కా చెయ్యి పట్టుకుంది.

"గున్వోర్, వద్దు. నీకు దండం పెడతాను."

"కాసేపు ఓర్చుకో. తర్వాత నువ్వే నన్ను మెచ్చుకుంటావు."

గున్వోర్ ఆమె వేళ్ళని ఒక్కొక్కటిగా, మెల్లగా విడిపించుకుంది. వెళ్ళి తలుపు బార్లా తెరిచింది.

"రండి ఎవర్ట్ గారూ" అని ముందు గదిలోకి పిలిచింది, "మీ మార్గిట్ ఇక్కడే ఉంది."