ఒక్క బీప్

“ఇప్పుడు?”

“రాలేదండీ. నల్లగానే ఉంది.”

మెకానిక్ స్విచ్ ఆపి, తడుముకుంటూ మళ్లీ మిషన్ మూత విప్పాడు. పొద్దుటి నుంచి ఇది ఆరోసారి.

షుగరు ఆయన కళ్లను తినేసి నాలుగేళ్లయింది. అయినా ముందుగదిలోని కంప్యూటర్ షాపు మూతపడలేదు. చేతులు ఆయనవి, కళ్లు భార్యవి. ఏ స్క్రూ ఎక్కడుందో ఆయన వేళ్లకు తెలుసు, తెర మీద ఏముందో ఆవిడ చూసి చెబుతుంది. మొగుడూ పెళ్లాం కలిస్తేగాని ఒక మెకానిక్ కాడని వీధిలో వాళ్ల వేళాకోళం. ఆ మాటకు ఇద్దరూ నవ్వేవాళ్లే గాని, ఇప్పుడు ఆ ఇంట్లో నవ్వే ఓపిక ఎవరికీ లేదు.

ఈ మిషన్ గిరాకీది కాదు. కొడుకుది.

ఏడాది కిందట షాపులో ఎవరిదో ర్యామ్ స్టిక్ కనపడకుండా పోయింది. నలుగురు గిరాకీలు కూర్చుని ఉండగా ఆయన కొడుకును నిలబెట్టి, “ఇంటి దొంగను ఈశ్వరుడే పట్టలేడు, గుడ్డివాణ్ణి నేనేం పడతాను?” అన్నాడు. వాడు తన మిషన్ సంచిలో వేసుకుని వెళ్లి, స్నేహితుడి గదిలో చేరాడు. పదిరోజులకు ఆ స్టిక్ ఆయన చొక్కా జేబులోనే దొరికింది. తల్లి ఫోన్ చేసి చెబితే వాడు “ఊఁ” అని పెట్టేశాడు. ‘తప్పు నాదేరా’ అని తండ్రి ఒక్క మాట అంటే సరిపోయేది. ఇవాళా రేపా అనుకుంటూ నెలలు గడిపాడు. నెల కిందట వాణ్ణి లారీ గుద్దింది.

నిన్న ఆ స్నేహితుడు మిషన్ తెచ్చి ఇచ్చాడు. “మీకు ఉత్తరం రాస్తూ ఉండేవాడు అంకుల్. ఒక్క పేజీయే. రాయడం, కొట్టేయడం, మళ్లీ రాయడం. ఆన్ చెయ్యగానే అదే తెరుచుకునేలా పెట్టుకున్నాడు. వాడు పోయాక ఆన్ చేస్తే తెర రావట్లేదు” అన్నాడు.

అది చవకరకం చిన్న మిషన్. గ్రాఫిక్స్‌కి విడిగా కార్డు లేదు, అంతా మదర్‌బోర్డులోనే. ఫైళ్లు దాచే చిప్పును కూడా బోర్డుకే అతికించేశారు, విప్పి ఇంకోదానికి తగిలించే వీల్లేదు. బోర్డు పోతే ఉత్తరమూ పోయినట్టే.

ఆయన ర్యామ్ ఊడదీసి, దాని అంచున ఉండే బంగారు రంగు పళ్లను రబ్బరుతో శుభ్రంగా రుద్దాడు.

“తిట్టి రాసుంటాడంటావా?”

“ముందు పని చూడండి.”

“తిట్టినా పడతాను. కానీ వాడు మన్నించే ఉంటాడే. ఆ ఒక్క మాట నువ్వు చదివితే వింటాను. తరవాత నేనేమైపోయినా ఫరవాలేదు.”

నెలరోజులుగా ఆయన రెండు ముద్దలకు మించి తినడం లేదు. పక్కమీద లేచి కూర్చుని, పోయినవాడితో మాట్లాడుతున్నాడు.

ర్యామ్‌ను పక్క స్లాట్‌లో నొక్కాడు. బోర్డు మీది గుండ్రటి సెల్లు తీసి కొత్తది వేశాడు. బటన్ నొక్కి చెవి వంచాడు. ఫ్యాన్ తిరిగింది. కాసేపటికి టకీమని ఒక్క బీప్.

“విన్నావా? ఒకటే బీప్. బోర్డు బతికే ఉంది. తెర చూడు.”

ఆవిడ చాలాసేపు పలకలేదు.

“ఏమే, నిన్నే.”

“రాలేదండీ.”

“సరిగ్గా చూడు. మూలన చిన్న గీతైనా?”

“గీత కూడా లేదు.”

గొంతు వణికింది. పాపం, కన్నతల్లి, తనకంటే ఎక్కువ ఆశ పెట్టుకుని ఉంటుంది అనుకున్నాడు. మిషన్ ఆపి, కేబుల్ తీసి రెండో సాకెట్‌కి మార్చాడు. మళ్లీ ఫ్యాన్, మళ్లీ ఒక్క బీప్. రెండు నిమిషాలు ఆగాడు.

“రాలేదు” అంది ఆవిడ, అడక్కముందే.

“అయితే మానిటర్ మీదే అనుమానం. అటక మీది పాతది దించు.”

“ఇంక వదిలెయ్యండి. నా మాట వినండి.”

“దించవే.”

దించింది. ఆయన తడుముకుంటూ కేబుల్ బిగించాడు. ఫ్యాన్ తిరిగింది. ఒక్క బీప్. ఈసారీ రెండు నిమిషాలు ఆగాడు.

“చెప్పు.”

“ఏమీ లేదండీ. చీకటే.”

ఆయన కుర్చీలోంచి జారి నేలమీద కూలబడ్డాడు. బీప్ వచ్చినా, సాకెట్ మార్చినా, మానిటర్ మార్చినా బొమ్మ రాలేదంటే బోర్డులో తెరకు బొమ్మ పంపే గ్రాఫిక్స్ భాగమే పోయినట్టు. దానికి మందు లేదు. ఆ సంగతి ఇన్నేళ్లలో ఎంతమంది గిరాకీలకు చెప్పి పంపాడో లెక్కలేదు.

“ఊళ్లోవాళ్ల మిషన్లన్నీ లేపాను. నా బిడ్డది లేపలేకపోయాను” అన్నాడు. తల బల్లకేసి కొట్టుకోబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. ఆయన ఆ చేతిలోనే మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

“నిజం చెప్పు. వాడు మన్నించి ఉంటాడంటావా?”

“మన్నించే ఉంటాడండీ. మన బిడ్డ కాదూ?”

తెర మీది ఉత్తరంలో ఆ మాట కోసం ఆవిడ మూడోసారి వెతుకుతోంది.