మూడో పిడికిలి

“రిఫరీ! కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా? వాడు కుస్తీ పడుతున్నాడా, షికారు చేస్తున్నాడా?”

వెర్లిన్ హూక్‌స్ట్రా అరుపుకి ముందు వరుసలో ఒకావిడ ఒళ్ళో పాప్‌కార్న్ ఒలికిపోయింది. ఆవిడ విసురుగా వెనక్కి తిరిగి, అతనే అని చూసి ఊరుకుంది. అమెరికాలో అయోవా రాష్ట్రపు ఆ కాలేజీ కుస్తీ హాల్లో వెర్లిన్ గొంతు తెలియనివాళ్ళు లేరు. అతనూ భార్యా కూర్చునే రెండు సీట్లూ వాళ్ళ తాత కాలం నుంచీ వాళ్ళవే. వారమంతా రైతులకి మొక్కజొన్న విత్తనాలు అమ్ముకుంటాడు. శుక్రవారం వచ్చిందంటే సొంత జట్టు ఎర్ర చొక్కా తొడుక్కుని, రిఫరీలకి చూపు తెప్పించే బాధ్యత నెత్తిన వేసుకుంటాడు.

ఇవాళ పోటీ పక్క రాష్ట్రపు నీలం జట్టుతో. తొమ్మిది కుస్తీలు ముగిసేసరికి రెండు జట్లూ సమానం. ఆఖరి కుస్తీ ఎవరిదైతే పోటీ వాళ్ళది. సొంత హాల్లో నీలం జట్టు చేతిలో ఓడితే వెర్లిన్‌కి వచ్చే సీజన్ దాకా తిండి సహించదు.

ఆఖరి కుస్తీకి నీలంవాడి పేరు మైకులో చదవగానే ఆనవాయితీ ప్రకారం హాలంతా గేలి చేసింది. పేరు ఆ హోరులో కొట్టుకుపోయింది. గేలి చెయ్యడంలో వెర్లిన్ ఎవరికీ తీసిపోలేదు.

ఇప్పుడు నీలంవాడు ఒక్క పాయింటు ముందున్నాడు. ముందుకొచ్చాక ఇక పోరాడటం లేదు. మ్యాట్ అంచు గీత దగ్గరే తిరుగుతున్నాడు.

“కాలక్షేపం చేస్తున్నాడయ్యా! పిడికిలెత్తు!”

పోరాడకుండా తప్పించుకు తిరిగితే రిఫరీ పిడికిలెత్తుతాడు. మొదటిసారి హెచ్చరిక. ఆ తర్వాత ఎత్తిన ప్రతిసారీ అవతలివాడికో పాయింటు. నీలంవాడికి హెచ్చరిక ఇందాకే అయిపోయింది.

పక్క సీటు గేలెన్ వెర్లిన్ మోచెయ్యి పట్టుకున్నాడు. “మెల్లగారా. ఇవాళొక్కరోజు నువ్వు అరవకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.”

“ఎందుకూ, డాక్టరు బీపీ ఉందన్నాడనా? బీపీకి మందుంది. ఇలాంటి రిఫరీకి లేదు.”

గేలెన్ ఇంకేదో అనబోయి, అవతల కూర్చున్న మార్లిస్ వైపు చూసి మానుకున్నాడు. మార్లిస్ వెర్లిన్ భార్య. జనం వేడికి అందరూ స్వెట్టర్లు విప్పేస్తే, ఆవిడ మాత్రం చలికోటు జిప్పు మెడ దాకా లాక్కుని కూర్చుంది. అరవదు, చప్పట్లు కొట్టదు. చూసేవాళ్ళకి ఒంట్లో బాగాలేదేమో అనిపిస్తుంది.

“అయినా ముందున్నవాడు జాగ్రత్తపడటం తప్పెలా అవుతుంది?” అన్నాడు గేలెన్. “పోయిన వారం మన ఎర్రవాడు చేసిందీ ఇదేగా? నువ్వు లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టావు.”

“మనవాడిది ఓపికరా. వీడిది పిరికితనం.”

“తేడా ఎలా తెలుస్తుందో?”

“బట్టల రంగు కనబడటం లేదూ?”

ఇందులో వెర్లిన్‌కి వెటకారమేమీ లేదు. నిజంగా అంతే అనుకుంటాడు.

“మన కోచ్ తీసుకుని ఉంటే వీడూ ఇవాళ ఎర్ర బట్టల్లోనే ఉండేవాడు. వద్దన్నాడు కాబట్టే అటు పోయాడు” అన్నాడు గేలెన్.

వెర్లిన్ మెడ కందిపోయింది. “మన కోచ్ వద్దన్నాడంటే దానికో లెక్కుంటుంది. వాడేం పసివాడా? తెలిసే పోయాడు.”

మ్యాట్ మీద ఎర్రవాడు ముందుకు దూకాడు. నీలంవాడు అతని తల మీద చెయ్యి అదిమిపెట్టి, పక్కకి జరిగి, గీత మీద కాలేసి నిలబడ్డాడు.

“చూడు, చూడు! చెయ్యి తల మీద, కాలు గీత మీద! ఈ దొంగాట వీడికెవడు నేర్పాడో గానీ, ముందు వాణ్ణి తన్నాలి!”

మార్లిస్ మొదటిసారి నోరు విప్పింది. “నిజమే, తన్నాలి” అంది.

“విన్నావురా గేలెన్? మా ఆవిడే ఒప్పుకుంది!”

రిఫరీ పిడికిలెత్తాడు. పాయింట్లు సమానం. హాలు దద్దరిల్లిపోయింది. వెర్లిన్ సీటెక్కి నిలబడి, “ఇంకొక్కటి! ఇంకొక్కటి!” అని అందుకున్నాడు. జనమంతా అతనితో గొంతు కలిపారు.

నీలంవాడు ఒక్క క్షణం తలెత్తి ఆ వరుసకేసి చూశాడు. కాలు మళ్ళీ గీత మీదికి పోయింది. మూడో పిడికిలి లేచింది. వెంటనే బజర్ మోగింది.

ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా కౌగిలించుకున్నారు. వెర్లిన్‌కి కళ్ళు చెమర్చాయి. “రిఫరీ మంచివాడేరా పాపం” అన్నాడు బొంగురు గొంతుతో. గేలెన్ తన టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు.

జనం పల్చబడ్డాక మార్లిస్ నేరుగా ఆటగాళ్ళు బయటికొచ్చే తలుపు దగ్గరికి నడిచింది. వెర్లిన్ ఆవిడ వెనకాలే వెళ్ళాడు. నీలంవాడు తడి జుట్టుతో, భుజానికి ఐసు సంచి కట్టుకుని వచ్చాడు. మార్లిస్ అప్పుడు చలికోటు జిప్పు కిందికి లాగింది.

“ఆ గీత మీద నిలబడటమేమిట్రా?” వెర్లిన్ ఇక ఉండబట్టలేకపోయాడు. “ముందుకు పోవాలి గానీ!”

మార్లిస్ తొడుక్కున్న నీలం చొక్కా మీద తల ఆనించి, వెర్లిన్ మొహంలోకి చూడకుండానే, వాడు అన్నాడు: “ముందున్నప్పుడు చెయ్యి తల మీద, కాలు గీత మీద అని మన బేస్‌మెంట్లో నాకు నేర్పింది నువ్వే కదా, నాన్నా!”