ప్రార్థన తోడు

ముందే ఒప్పేసుకుంటున్నాను: ఈ కథలో ఎవరి పక్షాన ఉండాలో నాకింకా తేలలేదు. మీ ఇంట్లోనూ ఇలాంటిదేమైనా జరిగి ఉంటే చెప్పండి, విని అప్పుడు తేల్చుకుంటాను.

"ఇవాళ కూడా రాలేదా?" అన్నాడు డాక్టరు, తుడిచిన బల్లనే మళ్ళీ తుడుస్తున్న నర్సును చూసి.

"ఇంకో ముద్ర కావాలన్నారట సార్. పాస్టరుగారు పొద్దుటినుంచీ కస్టమ్స్ ఆఫీసులోనే ఉన్నారు."

"ముద్ర వేసేవాడు సెలవులో ఉండుంటాడు. వాడొచ్చేసరికి సిరా ఎండిపోతుంది."

నర్సుకి నవ్వు రాలేదు. కంట్లో అమర్చాల్సిన లెన్సుల పెట్టె విమానాశ్రయంలోనే ఆగిపోయింది. పరాయి దేశం, తెలియని భాష, అడిగి తీసుకున్న బడి గది. గదిని వాళ్ళే కడిగి, కిటికీలకు ప్లాస్టిక్ పట్టాలు కొట్టి ఆపరేషన్ థియేటర్‌గా మార్చారు. వచ్చిన మర్నాడే జనరేటర్ మొరాయించింది. దాన్ని దారికి తెచ్చేసరికి పాస్టరుగారు జ్వరంతో మంచం పట్టారు. ఆయన లేచి తిరుగుతున్నారు కదా అని ఊపిరి పీల్చుకుంటే, ఇప్పుడు ఈ పెట్టె. ఈ దేశంలో ఆపరేషన్లు చెయ్యడానికి డాక్టరుకిచ్చిన అనుమతి రేపటితో సరి. రేపటికి పెట్టె రాకపోతే సామాను సర్దుకుని ఇంటిదారి పట్టడమే.

వరండాలో శుక్లాలు ముదిరినవాళ్ళంతా గోడవారన కూర్చుని ఉన్నారు. అందరికంటే ముందు కూర్చున్నావిడ బట్టలు కుట్టి బతికిన మనిషి. ఇప్పుడు రెండు కళ్ళూ పాలు పోసినట్టు తెల్లగా ఉన్నాయి. కూతురి చెయ్యి పట్టుకుని కొండదారిన నడిచొచ్చింది. నర్సు అడుగుల చప్పుడు విని ఏదో అడిగింది.

దుబాసీ పిల్ల నవ్వాపుకుంటూ చెప్పింది. "మీ దేవుడికి ఇక్కడికి దారి తెలుసా అంటోంది. ఈ రోడ్లు కొత్తవాళ్ళకి ఒక పట్టాన అంతుపట్టవట."

"తెలుసని చెప్పు," అంది నర్సు.

"తెలుసు సరే, ఏ సందులో ఇరుక్కుపోయాడో కాస్త కనుక్కో!" లోపల్నుంచి డాక్టరు అందుకున్నాడు.

"అంత నమ్మకం లేనివాళ్ళు ఎందుకొచ్చారు సార్ మాతో?"

"నాకు నా చేతుల మీద నమ్మకమమ్మా. నీకు పైవాడి మీద. చూడు, ఇద్దరం గోళ్ళు గిల్లుకుంటూనే కూర్చున్నాం."

మాట చురుక్కుమంది. నర్సు బడి వెనక్కి నడిచింది. కుళాయి దగ్గర నిలబడితేనే ఫోనుకి సిగ్నల్ అందుతుంది.

వాళ్ళని పంపిన చర్చి సంఘంలో ఒక పద్ధతి ఉంది. సేవకని వేరే దేశం వెళ్ళే ప్రతివాళ్ళకీ ఇంటిదగ్గర ఒక ప్రార్థన తోడు ఉండాలి. రోజూ మాట్లాడాలి, కలిసి ప్రార్థించాలి. తోడు కోసం నర్సు ఎవరి గుమ్మమూ ఎక్కలేదు. ఆమె అమ్మ మోకాళ్ళూనిందంటే పని జరిగి తీరుతుందని సంఘమంతా చెప్పుకుంటుంది. పైగా నర్సు వాళ్ళ నాన్న ఇలాంటి సేవకే వెళ్ళి, అక్కడి జ్వరం తగిలి అక్కడే పోయాడు. అయినా కూతురు వెళ్తానన్న రోజున అమ్మ అందరి ముందూ లేచి, "దేవుడి పని, కాదనడానికి నేనెవర్ని?" అంది. ఆ రోజు కళ్ళు తుడుచుకోనివాళ్ళు లేరు.

"చిన్నీ! తిన్నావా?"

"తిన్నానమ్మా. పెట్టె ఇంకా రాలేదు."

"రేపు కూడా రాకపోతే?"

"రాకపోతే ఏముంది, విమానం ఎక్కించేస్తారు. కానీ అమ్మా, ఒక్క ఆపరేషన్ జరిగినా చాలు, నేను ఇక్కడే రెండేళ్ళు ఉండిపోతా. పాస్టరుగారితో అనేశా కూడా."

"అనేశావా..."

"నువ్వు మాత్రం ప్రార్థన ఆపకు."

"ఆపడమా? మోకాళ్ళు కాయలు కాశాయి తల్లీ."

అమ్మ పైకి వినబడేలా ప్రార్థించదు. పెదాలు కదుపుతుంది, అంతే. ఫోనులో గుసగుస తప్ప మాట తెలియదు. అది ఆగాక నర్సు "ఆమెన్" అంటుంది. జనరేటర్ మొరాయించిన రోజూ అంతే. పాస్టరుగారు పడకేసిన రోజూ అంతే. ఇవాళ కూడా గుసగుస ఆగింది, నర్సు "ఆమెన్" అంది. కానీ ఇవాళ గుండె కుదుటపడలేదు.

"అమ్మా, ఇలా కాదు. ఇద్దరు ఏకమై ఒకే మాట అడిగితే ఆయన కాదనడని నువ్వే కదా నేర్పావు. నువ్వు అడిగేది పైకి చెప్పు. పొల్లుపోకుండా నేనూ అదే అడుగుతా."

"ఎందుకులేవే. ఆయనకి తెలుసుగా."

"నాకూ తెలియాలిగా! అమ్మా, నాకు ధైర్యం చాలట్లేదు. ఇక్కడొకావిడ ఉంది, బట్టలు కుట్టుకునే ఆవిడ. ఆమె మొహంలోకి చూడలేకపోతున్నా. చూసినా ఆమెకి కనబడదు, అదింకా ఘోరం."

"వద్దులే చిన్నీ, పని చూసుకో."

"ప్రార్థనలో కూడా దాపరికమేంటమ్మా? చెప్పేదాకా ఫోను పెట్టను."

అమ్మ ఊపిరి తీసుకోవడం వినబడింది. అబద్ధం ఆమెకి చేతకాదు, అందులోనూ ప్రార్థన గురించి.

"ఏదో ఒకటి అడ్డం పెట్టి, నిన్ను ఇంటికి పంపెయ్యమని తల్లీ."