పక్కసీటు

"ఏమండీ, మళ్ళీ రాశాడు."

కారు కింద నుంచి భర్త గొంతు వినిపించింది.

"ఎ... ఎవరు?"

"ఇంకెవరు? పక్కసీటు."

అతను వీపు మీద జారుకుంటూ బయటికొచ్చాడు. చేతులైనా తుడుచుకోకుండా ఫోను అందుకున్నాడు.

పగలంతా అతను ల్యాబులో పళ్ళసెట్లు తయారుచేస్తాడు. సాయంత్రాలూ సెలవురోజులూ ఇంటి షెడ్డులో పాత కారుతో కుస్తీ పడతాడు. భార్య ఫోనుతో వీడియో తీసి నెట్లో పెడుతుంది.

వీడియోల్లో అతను ఒక్క మాట కూడా మాట్లాడడు. చిన్నప్పటి నుంచీ నత్తి. సుత్తి చప్పుడు, స్పానర్ చప్పుడు, అంతే.

ప్రతి వీడియో కిందా పక్కసీటు అనే పేరుతో ఎవరో బారెడు రాసేవారు.

'బానెట్ ఎత్తాడు. లోపలంతా తుప్పు. విప్పిన బోల్టుల్ని టీ సాసర్లో పెడుతున్నాడు. పెద్దవి ఒక పక్క, చిన్నవి ఒక పక్క. మోచేతికి గ్రీజు అంటింది, చూసుకోలేదు.'

"ఇదేం చోద్యమండీ? మనం తీసింది మనకే చెబుతాడేమిటి?" అంది భార్య.

"ప... పనీపాటా లేనివాడు."

"ఆటల కామెంటరీ చెప్పి రిటైరయినాయనేమో. నోరు ఊరుకోదు కదా."

ఒకసారి పక్కసీటు ఒక ప్రశ్న అడిగాడు. 'మధ్యలో టక్కుమని చప్పుడైంది. అది దేనిదో చెబుతారా? మావాళ్ళు అడుగుతున్నారు.'

"మావాళ్ళంటే ఎవరండీ?"

అతను భుజాలెగరేశాడు. చిత్రంగానే ఉంది. కోపం మాత్రం రాలేదు.

కారు కింద నుంచి వచ్చి ఫోను అందుకున్న ఆ రోజు మాత్రం వచ్చింది.

'మూడుసార్లు తిప్పాడు. బోల్టు కదల్లేదు. నోరు తెరిచాడు. మాట రాలేదు. మూసేశాడు.'

దాని కింద ఎవరెవరో పగలబడి నవ్వే బొమ్మలు పెట్టారు.

అతని చెవులు ఎర్రబడ్డాయి. రాతలో అతనికి నత్తి లేదు. టకటకా కొట్టాడు.

'చూసేవాళ్ళకి కళ్ళున్నాయి. మీ వర్ణనలు అక్కర్లేదు.'

తర్వాత పక్కసీటుని బ్లాక్ చేసేశాడు.

"పాపమండీ. ఉన్నదేగా రాశాడు."

"నా... నా నోటి గొడవ వాడికెందుకు?"



ఆ తర్వాత వీడియోల కింద 'సూపర్' అనేవాళ్ళూ, 'కారు అమ్ముతారా' అనేవాళ్ళూ మిగిలారు.

"చప్పగా ఉందండీ. ఎవరైతేనేం, అంత శ్రద్ధగా చూసినవాడు ఇంకొకడు లేడు," అందామె ఒకరోజు.

అతను విననట్టు స్పానర్ వెతుక్కున్నాడు. నిజానికి అతనికీ అలాగే అనిపిస్తోంది.

ఎట్టకేలకు కారు పూర్తయింది. రంగు కూడా ఆరింది. కడిగి వాకిట్లో నిలబెట్టిన రోజు గేటు చప్పుడైంది.

నల్లకళ్ళద్దాలు, చేతిలో తెల్లకర్రతో ఒకాయన. ఆయన మోచెయ్యి పట్టుకుని ఒక పెద్దావిడ. కళ్ళు లేనాయన్ని ఆవిడ జాగ్రత్తగా తీసుకొచ్చింది కాబోలు అనుకున్నాడు అతను.

"కారు బాగుచేసేది మీరేనా? టైర్ల షాపాయన ఇల్లు చెప్పాడు. ఒక్కసారి ముట్టుకుని వెళతాం, ఏమనుకోకండి," అన్నాడాయన.

అతను కుర్చీలు వేశాడు. ఆయన మాత్రం కూర్చోలేదు. తలుపు అంచు వెంట వేళ్ళు పోనిచ్చాడు.

"ఇదేనన్నమాట మీ చేత మూడు చెరువుల నీళ్ళు తాగించింది."

"మీరు... మీరు చూ..."

"చూడమండీ, వింటాం. మా అంధుల హాస్టల్లో అందరం ఒకచోట కూర్చుంటాం. మీ వీడియోలో అన్నీ చప్పుళ్ళే. కింద పక్కసీటు రాసింది ఫోను చదివి వినిపించేది. అది విన్నాక మళ్ళీ మీ వీడియో పెట్టుకునేవాళ్ళం. అప్పుడు మాకు కారు కనబడేది."

అతను భార్య వంక చూశాడు. ఆమె తల దించుకుని మంచినీళ్ళకోసం లోపలికి వెళ్ళింది.

అతను ఫోను తీసి అక్కడికక్కడే బ్లాక్ తీసేశాడు.

"తీ... తీసేశానండీ. మళ్ళీ రాయమనండి."

"ఇక కుదరదండీ," అన్నాడాయన మెల్లగా. "పక్కసీటుది మా హాస్టల్లోనే వంటపని. కార్ల గురించి ఒక్క ముక్క తెలీదు. ఏ సామాను పేరేమిటో టైర్ల షాపుకెళ్ళి అడిగి మరీ రాసేవారు. చూపు పోతుందని డాక్టర్లు ముందే చెప్పారట. పోయేలోగా మాకోసం ఏదైనా చూసిపెట్టాలని పట్టుదల. మీరు వద్దన్నాక, తప్పులు రాస్తున్నానేమోనని మానేశారు. ఆ తర్వాత చూపు ఎన్నాళ్ళో నిలవలేదు."

"ఎ... ఎక్కడుంటారు? నేనే వెళ్ళి క్షమించమని అడుగుతాను."

"వెళ్ళక్కర్లేదు లెండి."

పెద్దావిడ అప్పటికే కుర్చీలోంచి లేచింది. ఇంట్లోంచి వచ్చిన భార్య ఆవిడ ముందు మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆవిడ చెయ్యి గ్లాసుని దాటుకుని ముందుకి వెళ్ళింది.

ఎండలో తళతళలాడుతున్న కారుని అరచేత్తో నెమ్మదిగా తడుముతూ ఆవిడ అడిగింది: "నేను చూసినన్నాళ్ళూ ఇది తుప్పు రంగులోనే ఉంది బాబూ, చివరికి ఏ రంగు వేశారు?"