ఎర్రపిట్ట ఒడుపు

"అక్కా, మళ్ళీ ఒక్కసారి ఆలోచించు. దాని మానాన దాన్ని వదిలెయ్యి," అన్నాడు తాతగారు.

తాతగారంటే నిజం తాత కాదు. ముప్ఫై దాటకుండానే తల ముగ్గుబుట్టయిపోయింది పాపం. అందుకని ఆ ఆఫీసులో పెద్దాచిన్నా అందరూ అలాగే పిలుస్తారు. ఇంజినీరమ్మకు కుడిభుజం అతనే.

ఆవిడ వినిపించుకుంటేగా! బల్ల మీదున్న ఎర్రపిట్టకు కంప్యూటరు వైరు తగిలించి, కళ్ళార్పకుండా కూర్చుంది.

ఎర్రపిట్ట అంటే మనిషి లేకుండా ఎగిరే చిన్న విమానం. ఒళ్ళంతా ఎర్రరంగు. అది పుట్టిందే దెబ్బ తినడానికి. పైన అది తప్పించుకుంటూ పోతుంటే, కింద పెద్ద తుపాకుల దగ్గర కుర్రాళ్ళు కొట్టడం నేర్చుకుంటారు. ఎక్కడ ఒరగాలి, ఎక్కడ దిగాలి, ఎటు తిరగాలి అనే బుద్ధి దానికి పెట్టేది ఇంజినీరమ్మే. ఇన్నాళ్ళూ ఆ బుద్ధి పాచికలు వేసినట్టుండేది. ఎటు తిరుగుతుందో ఆ పిట్టకే తెలిసేది కాదు. ఈసారి మాత్రం ఒక్కో మెలికా తన చేత్తో తనే రాసింది.

"పాచికలు ఒక్కోసారి ఎదురు తిరుగుతాయి. తూటాకి అడ్డంగా తీసుకెళ్ళి పెడతాయి. నాకు ఆ ఒక్కోసారి వద్దు," అంది.

"మనిషి రాస్తే అందులో మనిషి అలవాటు దూరుతుందక్కా."

"దూరనీ. నా అలవాట్లు ఎవడికి తెలుసు?"

తాతగారు నవ్వాడు. "కన్నబిడ్డని దాచుకున్నట్టు దాచుకుంటున్నావే! అది కూలడానికే పుట్టింది తల్లీ!"

ఆవిడ నవ్వలేదు. పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టుకుంటే ఒట్టు.

ఇంతలో పెద్దసారు వచ్చాడు. ఆ మైదానమంతా ఆయన చెప్పుచేతల్లోనే ఉంటుంది.

"ఇవాళ ముగ్గురే. తలా ఒక పిట్ట. కొట్టినవాడు రేపు సరిహద్దుకి లారీ ఎక్కుతాడు. అక్కడ యుద్ధంలో మనుషులు చాలడం లేదు."

"కొట్టలేనివాడు?" అడిగింది ఇంజినీరమ్మ.

"స్టోరులో కూర్చుని బూట్లు సర్దుకుంటాడు."

"యుద్ధం అయ్యేదాకానా?"

"అయ్యేదాకా. ఏం, ఆ ఉద్యోగం మీకు కావాలా?" తన మాటకు తనే పడీపడీ నవ్వి, చటుక్కున గొంతు మార్చాడు. "చూడండమ్మా, మీ పిట్ట గొప్పలు నాకొద్దు. తుపాకీ పట్టే చేతులు కావాలి. మరీ కొరకరాని కొయ్యలా చెయ్యకండి."

"అలాగే సార్," అంది బుద్ధిగా.

ఆయన వెళ్ళగానే, బల్ల మీదున్న కుర్రాళ్ళ వరస కాగితం ఒకసారి చూసుకుని, కొత్తగా రాసిందంతా మూడో పిట్టలోకి ఎక్కించింది. మొదటి రెండింట్లో పాత పాచికలే ఉంచేసింది.

"మూడోదానికే ఎందుకక్కా?"

"కొత్తది కదా. చివర్లో చూద్దాంలే."

అద్దాల గదిలోంచి చూస్తే మైదానం బోసిగా ఉంది. దూరంగా ఇసుక బస్తాలు, వాటి వెనక తుపాకులు. ఆ దూరానికి మొహాలు ఆనవు, హెల్మెట్లు తప్ప. రేడియోలో కూడా పేర్లుండవు. ఒకటో నంబరు, రెండో నంబరు, అంతే.

ఒకటో నంబరు మొదటి పిట్టను కొట్టేశాడు. కింద ఈలలు, కేకలు. "చూశావా నీ పాచికలు!" అని పళ్ళు నూరింది ఇంజినీరమ్మ.

రెండో నంబరు కొట్టలేకపోయాడు. పిట్ట మైదానం చివరిదాకా పోయి, పారాచూట్ గొడుగు విప్పుకుని నెమ్మదిగా దిగింది. ఆ కుర్రాడు బస్తా మీద కూలబడి తల పట్టుకున్నాడు. "అయ్యో," అన్నాడు తాతగారు. ఇంజినీరమ్మ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

మూడో పిట్ట లేచింది.

ఆవిడ తాతగారి మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగుతున్నాయని కూడా తెలియలేదు.

పిట్ట వస్తూ వస్తూ కుడికి ఊగింది. అటే పోతుందనిపించి, టక్కున కిందికి ఒంగింది. తుపాకీ పేలలేదు.

"కాల్చడేం వీడు? నిద్రపోతున్నాడా?" అని గసిరాడు వెనక నుంచుని చూస్తున్న పెద్దసారు.

నిద్ర కాదు. తుపాకీ గొట్టం పిట్ట వెంట తిరగడమే లేదు. ఏమీ లేని చోటుకి, ఎడమవైపు ఖాళీ ఆకాశానికి గురిపెట్టి, ఎవరో వస్తారని ఎదురుచూస్తున్నట్టు ఆగి ఉంది.

పిట్ట ఎడమకు తిరిగింది. తిన్నగా ఆ గురిలోకే పోయింది.

ఎర్రముక్కలు నేలకు రాలాయి. ఇంజినీరమ్మ కుర్చీలో చతికిలబడింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పోనీలే అక్కా, పిట్టేగా. ఇంకోటి చేసుకుందాం," అన్నాడు తాతగారు, ఎర్రగా కమిలిన మణికట్టు రుద్దుకుంటూ.

పడగొట్టినవాడికి ఆ పిట్ట రెక్కముక్క ఒకటి ఇంజినీరు చేత ఇప్పించడం అక్కడి రివాజు. ఒకటో నంబరు వచ్చి తీసుకుపోయాడు. తర్వాత మూడో నంబరు వచ్చాడు, హెల్మెట్టు చంకలో పెట్టుకుని, చెమటతో తడిసి ముద్దై.

పెద్దసారు వాడి వీపు చరిచాడు. "శభాష్‌రా! రేపు లారీలో ముందు సీటు నీదే. అది అటు తిరుగుతుందని నీకెలా తెలిసిందిరా?"

ఇంజినీరమ్మ తలెత్తకుండానే రెక్కముక్క చాచింది.

వాడు రెక్కముక్కతో పాటు ఆ చేతిని కూడా పట్టుకుని, "చిన్నప్పుడు మన మేడ మీద నేను బంతి విసిరినప్పుడల్లా నువ్వు ఇలాగే కుడికి ఊగి, ఒంగి, ఎడమకే తప్పుకునేదానివి కదమ్మా!" అన్నాడు.