చింతచెట్టు జవాబు

చెట్లు కొట్టే కోతయంత్రం ఇరవయ్యో రోజు కూడా చింతచెట్టు కింద చేతులు కట్టుకుని నిలబడింది.

"ఇందులో ఉన్నవారు దయచేసి వేరే చెట్టుకు వెళ్ళండి. వెళ్తామంటే చెప్పండి" అంది. రెండు ఆకులు రాలాయి.

"జవాబు రాలేదు. రేపు మళ్ళీ వస్తాను" అని యంత్రం వెళ్ళిపోయింది.

రోడ్డు కాంట్రాక్టరు తవిటినాయుడు తల పట్టుకున్నాడు. చెట్టు పక్కింటి ఎర్నమ్మతో గొడవపడలేక, చెట్టులో ఉండే దేవతలు వెళ్తామన్నాకే నరకాలన్న ఊరి ఆచారం ప్రకారమే కొట్టమని యంత్రానికి నేర్పింది తనే. ఒకసారి నేర్పితే యంత్రాలు మరవవు. మనుషులు గొడ్డలి పట్టడం మరిచిపోయి ముప్పై ఏళ్ళయింది.

"మీ కాలంలో చెట్టుని అడిగితే జవాబొచ్చీదేటి పిన్నీ?" అని అడిగాడు.

"రాదు నాయినా. అందుకే కదా ఇది ఇంకా ఉన్నాది" అంది ఎర్నమ్మ.

మర్నాడు పొద్దున్నే నాయుడు చెట్టెక్కి కొమ్మల్లో దాక్కున్నాడు. యంత్రం వచ్చి యథాప్రకారం అడిగింది. నాయుడు గొంతు బొంగురు చేసి, "వెళ్తాం, కొట్టుకో" అన్నాడు.

యంత్రం కాసేపు పైకి చూసింది. "గొంతు మనిషిది. ఈ చెట్టులో మనిషి కాపురం ఉన్నట్టు రాసుకున్నాను. మనుషులుండే ఇల్లు కూల్చే అధికారం నాకు లేదు. ఇక రాను" అని చెప్పి వెళ్ళిపోయింది.

ఎర్నమ్మ చీపురు తెచ్చి చెట్టు మొదట్లో ఆనించింది.

"దిగు నాయుడూ. కాపురం ఎట్టీసినావు కదా, ఇకనించి రాలిన ఆకు నువ్వే తుడుసుకోవాల."