మేకపిల్లకి దారి

“‘తల్లి దగ్గరికి దారి చూపండి’ అని చిక్కుదారుల బొమ్మేసి, అసలు దారే వెయ్యలేదు. మేకపిల్ల ఎలా వెళ్తుందయ్యా, విమానంలోనా?” కొట్టాయం పిల్లల వారపత్రిక ఎడిటర్ ఔసేప్, బొమ్మలేసే చెల్లప్పన్‌ని నిలదీశాడు.

“పిల్లలు కనిపెట్టరు సార్.”

“నిజమే. మూడొందల మంది గోడల్లోంచి గీత లాగేసి, ఇదే దారని పంపారు. రేపు మన రోడ్లేసే కాంట్రాక్టర్లు వీళ్ళే.”

చెల్లప్పన్ నవ్వుతూ పిల్లల జవాబుల కట్టలోంచి చివరి కాగితం తీశాడు. అందులో గీత లేదు. మేకపిల్ల ముందు పెన్సిలుతో నాలుగు పనసాకులు గీసి ఉన్నాయి. కింద గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది:

“దారి లేదు. మీరు వేసేదాకా దానికి ఆకలేస్తుందని పెట్టాను. సుబైదా, మూడో తరగతి, పొన్నాని.”

“మరి బహుమతి ఎవరికంటావు?” అన్నాడు ఔసేప్.

చెల్లప్పన్ తెల్లరంగు సీసా మూత తీసి, ఆ కాగితం మీదే ఒక గోడ చెరపసాగాడు.